పాత మీట తుపాకి: విలువ కట్టుట ఎట్లు?

పాత వస్తువునకు వెల కట్టుటలో రెండు ప్రశ్నలు ఇమిడియున్నవి. నేడు అది ఏ పనికి వచ్చును? నాడు అది ఎట్లుండెను? పాత గడియారము విషయమున మొదటి ప్రశ్నకు తప్పు జవాబు చెప్పుకొన్నచో కాలము తప్పును. తుపాకి విషయమున ప్రాణమునకే ముప్పు వచ్చును. రెండవ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పుకొన్నచో ఒక చారిత్రక సాక్ష్యము చేజేతుల నశించును. అమెరికాలో పుట్టి పెరిగిన మీట తుపాకి, అనగా లివర్ యాక్షన్ రైఫిలు, ఈ రెండు ప్రశ్నలకును చక్కని ఉదాహరణము.

పందొమ్మిదవ శతాబ్దపు నడుమ వరకు చాల తుపాకులలో ప్రతిసారియు మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరవలసి వచ్చెడిది. 1848-49 ప్రాంతమున వాల్టర్ హంట్ అను అమెరికనుడు గుండు అడుగున గుల్లచేసి అందులోనే మందు కూర్చెను. అట్టి గుండ్లను తుపాకి గొట్టము క్రిందనున్న మరియొక గొట్టములో వరుసగా పేర్చెను. ఊహ గొప్పది, కాని యంత్రము సున్నితము. గుండులో పట్టు మందు స్వల్పము. హోరేస్ స్మిత్, డేనియల్ వెస్సన్ అనువారు దానిని కొంత బాగుచేసిరి. చొక్కాల వ్యాపారియైన ఆలివర్ వించెస్టర్ ఈ పరిశ్రమలో పెట్టుబడి పెట్టెను. న్యూ హేవెన్ నగరమున ఆయన వద్ద పనిచేసిన బెంజమిన్ టైలర్ హెన్రీ 1860లో చిక్కు విప్పెను. గుండు, మందు, నిప్పు పుట్టించు రసాయనము ఈ మూడును ఒకే రాగి గుల్లలో ఇమిడిన తూటాను, దానికి తగిన తుపాకిని ఆయన రూపొందించెను. 1866 నమూనాలో కంచు చట్రమును, ప్రక్కనుండి తూటాలు నింపు చిన్న తలుపును వచ్చినవి. 1873 నమూనాలో చట్రము ఇనుముతో చేయబడెను. ఈ 1873 నమూనా తుపాకులు 7 లక్షలకు పైగా తయారైనవి.

దీని పనితీరు తెలిసికొనుట కష్టము కాదు. ట్రిగ్గరు చుట్టునున్న మీటను ముందునకు త్రోయగానే బోల్టు వెనుకకు జరిగి, ఖాళీ గుల్లను బయటికి లాగివేయును, సుత్తిని ఎక్కుపెట్టును, క్రొత్త తూటా పైకి వచ్చును. మీటను వెనుకకు లాగగానే తూటా గొట్టములోనికి పోవును. బోల్టు దాని వెనుక బిగుసుకొనును. ఈ బిగింపే తుపాకికి ప్రాణము. 1873 నమూనాలో ఈ పని చేయునవి కీలుతో కూర్చిన లింకులు. వంగిన మోకాలు బరువునకు లొంగిపోవును. నిటారుగానున్న కాలు అదే బరువును నేలకు చేర్చును. ఈ లింకులును సరళరేఖలో నిలిచినప్పుడు అట్లే పేలుడు తోపును తట్టుకొనును. ఇంతకంటె బలమైన ఏర్పాటును జాన్ బ్రౌనింగ్ 1886 నమూనాలో ప్రవేశపెట్టెను. అందు నిలువుగా జరుగు రెండు ఉక్కు దిమ్మెలు బోల్టును చట్రముతో కలిపి బంధించును.

ఈ మార్పు సకాలమున వచ్చినది. పూర్వపు నల్లమందు సుమారు 75 పాళ్లు పెట్లుప్పు, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకము కలిసిన మిశ్రమము. 44-40 అను తూటా పేరులోని 40, అందులోని నల్లమందు గ్రెయినుల తూకము. అనగా సుమారు రెండున్నర గ్రాములు. 1884లో ఫ్రాన్సు దేశపు రసాయనవేత్త పాల్ వియే నైట్రోసెల్యులోజుతో పొగలేని మందును తయారుచేసెను. తక్కువ తూకముతో ఎక్కువ శక్తి దీని గుణము. ఎక్కువ పీడనము దీని ప్రమాదము. బ్రౌనింగ్ రూపొందించిన 1894 నమూనాకు 1895లో పొగలేని మందుతో 30-30 తూటా వచ్చినప్పుడు, మామూలు ఉక్కునకు బదులు నికెలు కలిపిన ఉక్కుతో గొట్టములు చేయవలసి వచ్చెను.

కొనువాడు ఇచ్చటనే జాగ్రత్త వహింపవలెను. 44-40 తూటా 1873 నమూనాలోను, దానికంటె బలమైన 1892 నమూనాలోను సరిగా పట్టును. కాని రెండవదాని కొరకు తరువాత చేసిన బలమైన తూటాలను మొదటిదానిలో పేల్చుట అపాయము. తూటా పట్టినంత మాత్రమున తుపాకి దానిని ఓర్చుకొనునని అర్థము కాదు. లోహమున దాగిన బీట కంటికి కనబడదు. కనుక నిపుణుడైన తుపాకి పనివాడు విప్పి పరీక్షింపనిదే ఏ పాత తుపాకిని పేల్చరాదు.

ఇక పరీక్షకు వత్తము. అన్నిటికంటె ముందు గొట్టమును, క్రింది తూటాల గొట్టమును ఖాళీగా ఉన్నవని రూఢి చేసికొనవలెను. పిదప చట్రముపై చెక్కిన సంఖ్యను చూడవలెను. అది తయారైన సంవత్సరమును తెలుపును. అమెరికా సమాఖ్య చట్టము 1898లోగాని అంతకు పూర్వముగాని తయారైనవానిని పురాతన వస్తువులుగా లెక్కించును గనుక, ఒక్క సంవత్సరపు తేడాయు ముఖ్యమే.

తరువాత ఉపరితలము. మంచి తుపాకిపై కనబడు నీలినలుపు రంగుపూత కాదు. అది ఇనుము ఆక్సిజనుతో కూడగా ఏర్పడిన మాగ్నెటైటు పొర. ఎర్రని తుప్పు పెళుసై రాలిపోవును. ఈ నల్లని పొర అంటిపెట్టుకొని ఇనుమును కాపాడును. ఏండ్ల తరబడి చేతితో మోసిన చోట ఇది అరిగి గోధుమరంగునకు తిరుగును. అందుచేత నూరేండ్ల తుపాకి అంతటను ఒకే తీరున మెరయుచున్నచో అనుమానింపవలెను. సానపట్టి మరల రంగు తెప్పించినవారు అంచుల పదునును, అక్షరముల లోతును పోగొట్టుదురు. స్క్రూల రంధ్రముల అంచులు పళ్లెమువలె పల్లమగును. కొయ్యభాగము లోహముకంటె వెంట్రుకవాసి ఎత్తుగా ఉండుట మంచి గుర్తు. పల్లముగా ఉన్నచో గరుకు కాగితముతో రుద్దినారని అర్థము.

గొట్టము లోపల దీపకాంతితో చూచిన మెలి తిరిగిన గాడులు స్పష్టముగా కనబడవలెను. పలు పాత తుపాకులలో ఇవి తినివేయబడి ఉండుటకు కారణము రసాయనికము. నాటి తూటాల టోపీలలో పొటాషియం క్లోరేటు వాడుచుండిరి. అది పేలిన పిదప మిగులు పొటాషియం క్లోరైడు మన ఉప్పువలె గాలిలోని తేమను పీల్చును. ఆ రాత్రియే నీటితో కడుగని గొట్టము తుప్పు పట్టక తప్పదు. పైన పటారము, లోన లొటారము అను సామెత ఇట్టి తుపాకులకు చక్కగా వర్తించును.

అరుదైన నమూనాలకు నకిలీలును ఉండును. 1873 నమూనాలో 'వేయింట ఒకటి' అను అర్థము వచ్చు అక్షరములతో నూటముప్పది పైచిలుకు మేలురకము తుపాకులు మాత్రమే చేసిరి. అట్టి అక్షరములను మామూలు తుపాకిపై చెక్కుట మోసగానికి కష్టము కాదు. దీనిని పట్టియిచ్చునది కర్మాగారపు పాత లెక్కల పుస్తకము. వయోమింగు రాష్ట్రమున కోడీ పట్టణపు తుపాకుల మ్యూజియములో అట్టి పుస్తకములు భద్రముగా ఉన్నవి.

ఆ పుస్తకముల విలువను 2014లో లోకము చూచినది. నెవాడా రాష్ట్రమున గ్రేట్ బేసిన్ జాతీయ వనములో, ఒక జూనిపర్ చెట్టునకు ఆనించియున్న 1873 నమూనా తుపాకి పురాతత్త్వజ్ఞులకు దొరికెను. కొయ్య బూడిదరంగై పగిలి, అడుగు మట్టిలో కూరుకొని, గొట్టము తుప్పుపట్టి యుండెను. సంఖ్యను బట్టి అది 1882లో తయారై కర్మాగారము విడిచినదని తేలెను. ఎవరు కొనినదియు తేలలేదు. ఎక్స్‌రే తీయగా కొయ్యలోని అరలో ఒక తూటా కనబడెను. అది 1887కు, 1911కి నడుమ తయారైన రకము. తుపాకిని చెట్టునకు ఆనించినవాడు 1887కు పూర్వము ఆ పని చేసియుండడని ఆ చిన్న తూటా చెప్పుచున్నది. నిపుణులు తుప్పును గీకలేదు, పగుళ్లను పూడ్చలేదు. ఇక చెడకుండ మాత్రము చికిత్స చేసిరి. ఎవరైన ముందుగా దానిని దొరకబుచ్చుకొని కొయ్య మార్చి మెరుగుపెట్టియున్నచో ఆ తూటాయు, ఆ సాక్ష్యమును మిగిలియుండెడివి కావు.

మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే తుపాకి కొనరాదు. కాని ఈ పరీక్షలోని నీతి తుపాకికే పరిమితము కాదు. ఇంటి అటకపైనున్న కంచు పాత్రకును, తాతగారి గడియారమునకును ఇది వర్తించును. తళతళలాడునట్లు తోముటకు పూనుకొనుటకు ముందు, దానిపైనున్న మరక ఏమి చెప్పుచున్నదో ఒక్కమారు అడిగి చూడవలెను. తోమిన పిదప అడుగుటకు ఏమియు మిగులదు.