ఉత్తుత్తి బేరం

మా మేనల్లుడు నిడదవోలులో ప్యాసింజరు ఎక్కి, గోదావరి దాటి, రాజమహేంద్రవరంలో ఓ సెల్‌ఫోన్ల షోరూంలోకి వెళ్ళాడు. కొనే ఉద్దేశం లేదు. గుమ్మంలో అడుగు పెడుతూనే జేబులోని ఫోనులో గడియారం నొక్కాడు. కౌంటరు దగ్గరి అమ్మాయి "రండి సార్" అనేసరికి నలభై సెకన్లు. చొక్కా మీద పేరు బిళ్ళ లేదు. వాయిదాల పథకం గురించి అడక్కుండానే చెప్పింది. ఇవన్నీ గుర్తుపెట్టుకుని, బయటికొచ్చి టీ బడ్డీ దగ్గర నిలబడి ఫారం నింపాడు. పోటీ పరీక్షలకు చదువుతూ చేతిఖర్చులకు చేస్తున్న పని ఇది. దీన్ని మిస్టరీ షాపింగ్ అంటారు. "మూడొందలిస్తారు మావయ్యా. రైలు, ఆటో, టీ మనవే" అన్నాడు.

మా గోదావరి వైపు బేరం అంటే ధర మాట్లాడుకోవడమే కాదు, కొనవచ్చిన మనిషి కూడా. "పొద్దున్నించి ఒక్క బేరం రాలేదండీ" అంటాడు కొట్టాయన. ఆ లెక్కన మావాడిది ఉత్తుత్తి బేరం. పేరు కొత్తదే గానీ పని చాలా పాతది.

మైసూరులో శామశాస్త్రి 1905లో వెలికితీసి 1909లో అచ్చు వేయించిన కౌటిల్యుడి అర్థశాస్త్రంలో వర్తకుడి వేషంలో తిరిగే గూఢచారి ఉన్నాడు. ముడుపు చూపించి న్యాయాధికారినే పరీక్షించే వేగువాడూ ఉన్నాడు. అదే గ్రంథం దేశీ సరుకుపై నూటికి ఐదు, విదేశీ సరుకుపై నూటికి పది లాభం చాలని హద్దు పెట్టింది, తూకాలు చూసే అధికారిని నియమించమంది. అక్కడ వేషం వేయించినవాడు రాజు, దొరకాల్సినవాడు మోసగాడు. కొనేవాడికి అందులో ఎంతో కొంత మేలుంది.

తూకం మోసాలు మన సంతలకు కొత్తేం కాదు. సోల, తవ్వ, మానిక, కుంచాల కాలంలో బొటనవేలు కొలపాత్ర లోపలికి పెట్టి బియ్యం కొలిచే నేర్పరులుండేవారు. వేలెంత లావుంటే అంత లాభం! 1956 చట్టంతో కిలోలు, లీటర్లు వచ్చాక వేలికి పని తగ్గింది గానీ బుద్ధి మారలేదు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు జీపు వీధి మొదట్లో ఆగితే ఆ కబురు చివరి కొట్టుకి ఆయనకంటే ముందే చేరేది. వేషం అవసరమైంది అందుకే.

అమెరికాలో ఈ పని మరో దారి పట్టింది. 1850ల్లో అలన్ పింకర్టన్ డిటెక్టివులు మామూలు ప్రయాణికుల్లా రైలెక్కి, టికెట్ డబ్బు కండక్టర్లు కాజేస్తున్నారేమో కనిపెట్టేవారు. తర్వాత బ్యాంకులు, బట్టల దుకాణాలు సొంత గుమాస్తాల మీద ఇలాంటి నిఘా పెట్టుకున్నాయి. 1940లలో విల్‌మార్క్ అనే సంస్థ దీనికి మిస్టరీ షాపింగ్ అన్న పేరు పెట్టిందంటారు. నా దృష్టిలో అసలు మలుపు ఇక్కడే. వేగువాడు రాజు కొలువు వదిలి యజమాని కొలువులో చేరాడు. అతని చూపు కొట్టు మీంచి కొట్లో నిలబడ్డ మనిషి మీదికి మళ్ళింది.

రైలు నిఘా మన దగ్గరా ఉంది. రైల్వే విజిలెన్సు వాళ్ళు ఉత్తుత్తి ప్రయాణికుణ్ణి బుకింగ్ కిటికీకో, టీటీఈ దగ్గరికో పంపుతారు. అతనికిచ్చే నోట్ల నంబర్లు ముందే రాసుకోవాలి, బేరం జరిగేటప్పుడు సాక్షులు చూడాలి, వినాలి అని విజిలెన్సు మాన్యువల్ 704, 705 పేరాలు చెబుతాయి. ఈ పద్ధతి పాటించకుండా వల వేస్తే ఆ కేసు నిలుస్తుందా అన్న దక్షిణ మధ్య రైల్వే టికెట్ తనిఖీ సిబ్బంది వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అవి శాఖాపరమైన సూచనలే, పాటించనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదని 2007లో కోర్టు తేల్చింది. మరుసటేడే మోని శంకర్ అనే బుకింగ్ ఉద్యోగి కేసులో, వాటిని బొత్తిగా గాలికొదిలేయడమూ కుదరదంది. ఉద్యోగం పోయే ప్రమాదమున్న గుమాస్తాకి కనీసం ఈపాటి వాదన మిగిలింది. షోరూం అమ్మాయికి మాన్యువలూ లేదు, పేరాలూ లేవు.

ఉదారీకరణ తర్వాత పెద్ద కంపెనీల షోరూములు జిల్లా పట్టణాలకు వచ్చాయి. వాటి వెనకే ఈ పనీ వచ్చింది. 1987లో అమెరికాలో మొదలైన బేర్ ఇంటర్నేషనల్ లాంటి సంస్థలు మన దేశంలోనూ కార్యాలయాలు తెరిచాయి. ఆర్థికశాస్త్రజ్ఞులు కూడా ఉత్తుత్తి బేరగాళ్ళను జీవిత బీమా ఏజెంట్ల దగ్గరికి పంపారు. చాలామంది ఏజెంట్లు కొనేవాడికి పనికొచ్చే పాలసీ వదిలేసి తమకు కమీషను ఎక్కువొచ్చేదే అంటగట్టారని తేలింది.

పెట్రోలు బంకు సంగతి వేరు. ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమని ఎవరైనా అడగొచ్చు. పాతిక మిల్లీలీటర్ల తేడా దాకా చట్టం ఒప్పుకుంటుంది. కానీ 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా, రెండు తెలుగు రాష్ట్రాల బంకుల్లో మీటరుకే చిప్పు బిగించింది. ఆ ముఠా మూలాలు మా పొరుగున ఏలూరులోనే తేలాయి. నవ్వు, నమస్కారం లెక్కపెట్టే ఫారంలో చిప్పు ఎక్కడ దొరుకుతుంది?

ఆ మరుసటేడు, 2021 ఆగస్టులో, కౌటిల్యుడి పద్ధతి మళ్ళీ కనిపించింది. విజయవాడ సబ్ కలెక్టర్ సూర్య ప్రవీణ్ చంద్ రైతు వేషంలో కైకలూరు, ముదినేపల్లి ఎరువుల కొట్లకు వెళ్ళారు. ఒకచోట సరుకుండీ లేదన్నారు. మరోచోట ఎమ్మార్పీ మించి తీసుకున్నారు, బిల్లివ్వలేదు. అప్పటికి నలభై అయిదు కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. నాట్లేసి ఎరువు కోసం తిరిగే రైతుకి బస్తా మీద పది రూపాయలు ఎక్కువైనా ఎకరాల లెక్కన ఎంతవుతుందో డెల్టాలో చెప్పనక్కర్లేదు. అధికారులు వచ్చారు, కొట్లకు సీళ్ళు పడ్డాయి.

ఈ పనిలో డబ్బుందా అంటే, ఉంది, కాస్త. మావాడికి నెలకు నాలుగైదు తిరుగుళ్ళు దొరికితే గొప్ప. ఆ డబ్బులూ నెల దాటాక పడతాయి. పని పేరు చెప్పి ముంచేవాళ్ళు మాత్రం రోజూ దొరుకుతారు. టెలిగ్రాంలో కబురొస్తుంది: హోటళ్ళకు నక్షత్రాలివ్వండి, డబ్బు తీసుకోండి అని. మొదట వందో రెండొందలో నిజంగానే వేస్తారు. తర్వాత పెద్ద పనికి ముందు డబ్బు కట్టమంటారు. కట్టాక ఆ మనిషీ ఉండడు, డబ్బూ ఉండదు. అమెరికాలో ఇదే ఆట దొంగ చెక్కులతో ఆడారు. పనిచ్చేవాడు ఎదురు డబ్బు అడిగితే అక్కడే ఆగాలి; పోయాకయితే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి.

కైకలూరులో ఏం జరిగిందో మర్నాటి పేపర్లో వచ్చింది. రాజమహేంద్రవరం షోరూంలో ఆ అమ్మాయి ఏమైందో మావాడికి తెలీదు. 'పేరు బిళ్ళ' ఎదురుగా 'లేదు' అని నొక్కి పంపాడంతే. రిపోర్టు రాసినవాడికి ఆ తర్వాతి సంగతి ఎవరూ చెప్పరట.