న్యాయస్థానంలో పిల్లల మాట

తల్లిదండ్రులు విడిపోయినప్పుడో, సంరక్షకుల మధ్య తగాదా వచ్చినప్పుడో బిడ్డ ఎవరి దగ్గర పెరగాలో న్యాయస్థానం తేలుస్తుంది. మరి ఆ బిడ్డను అడగాలా? ఎన్నేళ్లు వస్తే అడగాలి? మన దేశంలో ఈ ప్రశ్నకు వందేళ్లు దాటిన చరిత్ర ఉంది.

1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో 17వ సెక్షన్ చూడండి. మైనరు ఆలోచించి తన ఇష్టాన్ని చెప్పగల వయసులో ఉంటే, కోర్టు దాన్ని పరిగణనలోకి తీసుకోవచ్చు అని అందులో ఉంది. ఆ వయసు ఎంతో చెప్పలేదు. వయసును పుట్టిన తేదీతో లెక్కించవచ్చు; అవగాహనను అలా కొలవలేం. అందుకే ఆ సంగతి న్యాయమూర్తికి వదిలారు. అయితే ‘తీసుకోవచ్చు’ అన్నారే గాని ‘తీసుకోవాలి’ అనలేదు. పిల్లల్ని అడగకపోతే ఏమవుతుందో ఒక తెలుగు కుటుంబం కేసులో తెలుస్తుంది.

జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. తమ్ముడు నిత్యానంద మూడేళ్లు చిన్న. తండ్రి నారాయణయ్య 1910లో ఇద్దరినీ అనీబిసెంట్ సంరక్షణకు రాతపూర్వకంగా అప్పగించారు. ఆమె వారిని చదువుకోసం ఇంగ్లండు తీసుకువెళ్లారు. తరువాత తండ్రి మనసు మార్చుకుని, పిల్లల్ని తిరిగి ఇప్పించమని 1912లో దావా వేశారు. 1913 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పు చెప్పింది. అప్పటికి పెద్దవాడికి పద్దెనిమిదేళ్లు నిండబోతున్నాయి. అయినా ఆ అన్నదమ్ముల తరఫున కోర్టులో మాట్లాడినవారు లేరు; వారి ఇష్టమేమిటో తెలుసుకోనూ లేదు. 1914లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును రద్దు చేసింది. పిల్లలు ఇంగ్లండులో ఉన్నందున అక్కడి హైకోర్టుకు వెళ్లి ఉంటే, వారి మేలును విచారించి, వారి కోరికలను కూడా తెలుసుకునేవారని పేర్కొంది.

స్వాతంత్ర్యం వచ్చాక, 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం బిడ్డ సంక్షేమమే అన్నింటికన్నా ముఖ్యమని చెప్పింది. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం ఇంకో అడుగు ముందుకు వేసింది. సొంత అభిప్రాయం ఏర్పరచుకోగల ప్రతి బిడ్డకూ దాన్ని చెప్పే హక్కు ఉందనీ, వయసునూ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలనీ అది అంటుంది. భారతదేశం 1992లో ఈ ఒడంబడికలో చేరింది.

ఇక్కడ రెండు విషయాలను కలిపేయకండి. అభిప్రాయం చెప్పడం వేరు, తీర్పు చెప్పడం వేరు. బిడ్డకు ఎవరైనా నూరిపోసి ఉండవచ్చు. భయమో, బహుమతుల ఆశో ఆ మాట పలికించవచ్చు. అందుకే న్యాయమూర్తులు పిల్లలను పెద్దల ఎదుట నిలబెట్టకుండా, తమ ఛాంబరులో విడిగా మాట్లాడిస్తారు. అమ్మానాన్నల్లో ఒకరిని ఎంచుకునే బరువు బిడ్డ తలపై పెట్టకూడదు. కాని ఆ బిడ్డ జీవితం గురించి బిడ్డను అడగకుండానే తేల్చడమూ న్యాయం కాదు.

ఆలోచించండి: పదేళ్ల పిల్ల చెప్పిన మాట ఆమె సొంత మాటేనని మీరైతే ఎలా తెలుసుకుంటారు?