పట్టా వెంట నడిచిన పరిహారం: మంగళగిరి సీమలో పంట నష్టసాయం

మంగళగిరి లక్ష్మీనరసింహస్వామి గాలిగోపురాన్ని 1807–09 నడుమ కట్టించిన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1816లో మరణించిన తరువాత, ఆ జమీందారీ వారసత్వ వ్యాజ్యాలలోను, శిస్తు బకాయిలలోను చిక్కి క్షీణించగా, రైతును ఆదుకొనే బాధ్యత జమీందారుదా, ఈస్టిండియా కుంపిణీదా అన్నది తేలని కాలంలోనే 1832–33లో నందన కరువు వచ్చిపడింది. ఐదు లక్షలున్న గుంటూరు జిల్లా జనాభాలో లక్షన్నర నుండి రెండు లక్షల మంది మరణించినట్లు అంచనాలున్నాయి. ఈ ఘోరం తరువాత రెండు దశాబ్దాలకు, 1852–55 మధ్య, బెజవాడ, సీతానగరాల నడుమ కృష్ణకు ఆనకట్ట కట్టారు.

జమీందారీ స్థానంలో వచ్చిన రైతువారీ పద్ధతిలో, అంటే ప్రభుత్వం మధ్యవర్తి లేకుండా పట్టాదారు నుండే శిస్తు వసూలు చేసుకొనే ఏర్పాటులో, పంట పోయినప్పుడు ప్రభుత్వం డబ్బు ఇచ్చేది కాదు. రావలసిన శిస్తులో కొంత తగ్గించేది. దీనిని వజా అనేవారు. ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో కరణం అడంగల్‌లో రాసేవాడు, ఏటేటా జరిగే లెక్కల పరిష్కారమైన జమాబందీలో వజా ఖాయమయ్యేది. తరువాతి చరిత్రకంతటికీ బీజం ఇక్కడే ఉంది. శిస్తు కట్టేవాడికే వజా దక్కుతుంది కనుక, భూమిని కౌలుకు తీసుకొని దున్నినవాడి పేరు ఆ లెక్కలోకి రావలసిన అవసరమే ప్రభుత్వానికి కనబడలేదు. భూమి అభివృద్ధి కోసం 1883 చట్టం కింద, విత్తనాలకు, పశువులకు 1884 చట్టం కింద ఇచ్చిన తక్కావి అప్పులకూ హామీ కావలసి వచ్చేది. సొంత భూమి లేనివాడికి ఆ హామీ చూపడం తేలిక కాదు.

స్వాతంత్ర్యానంతరం భూమిశిస్తు నామమాత్రమై, వజా అర్థం కోల్పోయింది. తొమ్మిదవ ఆర్థిక సంఘం సిఫారసుతో 1990లో ఏర్పడిన విపత్తు సహాయ నిధి నుండి ఇన్‌పుట్ సబ్సిడీ, అనగా మరల సేద్యం చేసుకొనేందుకు పెట్టుబడి సాయం, నగదుగా రావడం మొదలైంది. పంట సగమైనా పోతేనే సాయమన్న నిబంధనను 2015లో 33 శాతానికి సడలించారు. లెక్క విధానం మారింది గాని, ఆ లెక్క పట్టాను వదలలేదు.

ఈ లోపం ఎంత క్రూరమైనదో పత్తి చేలలో బయటపడింది. 1987 ప్రాంతంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిపై తెల్లదోమ విరుచుకుపడినప్పుడు పురుగుమందుల అప్పులు తీరక రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. వారిలో కౌలుదారులూ ఉన్నారు. ఇలా ప్రాణాలు తీసుకొన్న రైతుల కుటుంబాలకు సాయం నియమబద్ధంగా అందేందుకు 2004 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడు వెలువడిన 421వ నంబరు ఉత్తర్వు లక్ష రూపాయల పరిహారాన్ని, అప్పు పరిష్కారానికి మరో యాభై వేలను నిర్ణయించింది. అయితే ఆత్మహత్య సేద్యపు అప్పుల వల్లనే జరిగిందని కాగితాలతో రుజువు చేయవలసిన భారం చనిపోయినవారి ఇంటిమీదనే పడింది. నోటిమాట కౌలుకు కాగితం ఎక్కడినుండి వస్తుంది?

2024 సెప్టెంబరు ఆరంభంలో కృష్ణపై ఉన్న ప్రకాశం బ్యారేజీ వద్ద వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆ వరదలకు వరి నష్టపోయినవారికి రాష్ట్ర ప్రభుత్వం హెక్టారుకు రూ. 25,000 ప్రకటించింది. అలాంటి సాయం ఎవరికి చేరాలో తేల్చడానికి, సాగు చేసేవారి పేరును పంటతోపాటు నమోదు చేసే ఈ-క్రాప్ ఇప్పుడు ఉంది. 2011, 2019 చట్టాలు కౌలుదారుకు గుర్తింపు పత్రం ఇస్తామన్నాయి. కానీ 2019 చట్టం కింద పత్రానికి భూయజమాని సంతకం కావాలి, 1956 నాటి కౌలు చట్టం కింద తమ హక్కుకు ముప్పు వస్తుందన్న భయంతో ఆ సంతకం పెట్టడానికి వెనుకాడే యజమానులు ఈ సీమలో నేటికీ ఉన్నారు.