బోధన్ చెరకు ప్రాంతం – డేటా సెంటర్ల చక్రీయ ఆర్థిక వ్యవస్థ

ఒక పరిశ్రమ వదిలేసేదాన్ని పక్క పరిశ్రమ ముడిసరుకుగా తీసుకునే ఏర్పాటే చక్రీయ ఆర్థిక వ్యవస్థ. డేటా సెంటర్ల విషయంలో ఇది కరెంటు, నీరు, సర్వర్ల వేడి, పాతబడిన యంత్రాలకు సంబంధించినది. తెలంగాణలో పెద్ద డేటా సెంటర్లు హైదరాబాద్ చుట్టూనే పెరిగాయి. మైక్రోసాఫ్ట్ 2022 మార్చిలో అక్కడ తన డేటా సెంటర్ రీజియన్‌ను ప్రకటించింది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ అదే ఏడాది నవంబరులో తనదాన్ని ప్రారంభించింది. అయితే ఒకరి వ్యర్థం మరొకరికి సరుకుగా మారడం ఈ నేల మీద ఎలా సాగిందో, ఎలా తెగిపోయిందో తెలియాలంటే చూడవలసింది బోధన్‌నే.

శక్కర్‌నగర్ అనుభవం

మంజీర నదిపై నిజాంసాగర్ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో కట్టిన ఈ జలాశయం కాలువల కింద చెరకు విస్తరించింది. 1937లో ఏర్పడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో వెలసింది. ఆ పేరులోనే చక్కెర ఉంది.

చక్కెర మిల్లులో పారేసేది చాలా తక్కువ. టన్ను చెరకు ఆడితే దాదాపు 300 కిలోల పిప్పి మిగులుతుంది. అది బాయిలర్‌లో మండి ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి ముందు టర్బైన్‌ను తిప్పి కరెంటు ఇస్తుంది, తర్వాత చెరకు రసాన్ని మరిగిస్తుంది. చక్కెర తీయగా మిగిలే మొలాసిస్ డిస్టిలరీకి పోతుంది. రసం వడకట్టగా మిగిలే ప్రెస్‌మడ్ ఎరువుగా మళ్లీ పొలానికి చేరుతుంది. చక్రీయ ఆర్థిక వ్యవస్థ అనే మాట పుట్టకముందే మిల్లులు చేస్తున్న పని ఇది. దీన్ని పాత పద్ధతి అని పక్కన పెట్టడం పొరపాటు.

ఈ గొలుసుకు బలహీనత కూడా ఉంది. అన్నిటికీ మొదలు చెరకే. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. రైతులు వరి వైపు మళ్లారు. పునరుద్ధరణను పరిశీలించడానికి 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేసింది. డేటా సెంటర్‌ను ఒకే మిల్లుకు కట్టేయాలనుకునేవారు ఈ చరిత్రను ముందుగా చదవాలి.

పిప్పి కరెంటు లెక్క

ఉమ్మడి నిజామాబాద్‌లో భాగమై, ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉన్న గాయత్రి షుగర్స్ పిప్పితో విద్యుత్తు తయారుచేస్తోంది. కాబట్టి ఈ ప్రాంతానికి ఇది కొత్త విద్య కాదు. రోజుకు 2,500 టన్నులు ఆడే ఒక మిల్లును ఊహించుకుందాం. అధిక పీడన బాయిలర్ పెట్టి, తన అవసరాలు పోను టన్నుకు 80 యూనిట్లు మిగిల్చిందనుకుంటే రోజుకు 2 లక్షల యూనిట్లు, అంటే సుమారు 8.3 మెగావాట్లు వస్తాయి. ఒక మోస్తరు డేటా సెంటర్‌కు ఇది చాలు. చిక్కల్లా క్యాలెండర్‌తోనే. క్రషింగ్ 150 రోజులు నడిస్తే మిగులు 3 కోట్ల యూనిట్లు. దాన్ని ఏడాది మొత్తానికి పరిస్తే 3.4 మెగావాట్లకు తగ్గుతుంది. డేటా సెంటర్‌కేమో ఏడాదిలో 8,760 గంటలూ కరెంటు కావాలి.

మారిషస్‌లో పిప్పితో నడిచే విద్యుత్ కేంద్రాలు చెరకు లేని నెలల్లో బొగ్గు మీద నడవడం ఈ చిక్కుకు తెలిసిన ఉదాహరణ. సౌర విద్యుత్తు, పిప్పి నిల్వ, గ్రిడ్ మూడూ కలిస్తే తప్ప లోటు పూడదు. ఏడాది చివర సగటు తీసి ‘మొత్తం హరిత విద్యుత్తే’ అని చెప్పుకోవడం నిజాయితీ అనిపించుకోదు. గంట గంటకూ లెక్క చూపాలి.

డేటా సెంటర్లు మామూలుగా చూపే కొలత కూడా అంతా చెప్పదు. 2007లో గ్రీన్ గ్రిడ్ సంస్థ తెచ్చిన ఆ పీయూఈ (విద్యుత్ వినియోగ సామర్థ్యం) కొలత సర్వర్లకు ఎంత కరెంటు పోతోంది, చల్లదనానికీ మిగతా పనులకూ ఎంత అదనంగా పోతోంది అన్నదే చూపుతుంది. విలువ 1.5 ఉంటే సర్వర్లు వాడే ప్రతి 100 యూనిట్లకు 50 పైఖర్చు. నీరు ఎక్కడి నుంచి వచ్చింది, వేడి ఎటు పోయింది అనేది దానిలో కనిపించదు.

నీరు, యంత్రాలు

డేటా సెంటర్ల నీటి వాడకానికి తరచూ చెప్పే సగటు యూనిట్‌కు 1.8 లీటర్లు. ఆ లెక్కన 1 మెగావాట్‌కు రోజుకు 43 వేల లీటర్లు కావాలి. చెరకులో 70 శాతం దాకా నీరే. రసాన్ని మరిగించినప్పుడు లేచే ఆవిరి చల్లారి మిల్లులో వేడి నీరుగా చేరుతుంది. శుద్ధి చేసిన పట్టణ మురుగునీటికి తోడుగా దీన్ని కూలింగ్ టవర్లకు వాడితే నిజాంసాగర్ నీరు పంటకే మిగులుతుంది. కాలువ చివరి భూముల రైతుకు ఆ తేడా తెలుస్తుంది.

యంత్రాల విషయం సూటిగానే ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు రీసైక్లింగ్ బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి. అంతకంటే ముందు సర్వర్‌ను బాగుచేసి మరికొన్నేళ్లు నడపడమే మేలు.

వేడి ఎవరికి?

డెన్మార్క్‌లోని ఓడెన్సెలో మెటా డేటా సెంటర్ వేడి ఇళ్లను వెచ్చబరుస్తుంది. నిజామాబాద్ ఇళ్లకు ఆ అవసరమే లేదు. ఇక్కడ వేడిని అడిగేది పసుపు. 2025 జనవరిలో ప్రారంభమైన జాతీయ పసుపు బోర్డుకు కేంద్రం నిజామాబాదే. తవ్విన కొమ్ములను ఉడికించి, తేమ 10 శాతానికి తగ్గేదాకా కళ్లాల్లో రోజుల తరబడి ఎండబెడతారు. మధ్యలో వాన పడితే రంగు, ధర రెండూ పోతాయి. ద్రవంతో చల్లబరిచే సర్వర్ల నుంచి 50 డిగ్రీల దగ్గర వచ్చే నీరు ఆరబెట్టే గదులకు సరిపోతుంది. దానితో పిప్పిలోని తేమనూ కొంత తగ్గించవచ్చు. ఎదురు దారి కూడా ఉంది. మిల్లు ఆవిరితో నడిచే అబ్సార్ప్షన్ చిల్లర్లు సర్వర్లను చల్లబరచగలవు.

అయితే ఈ వేడి నీటిని దూరం మోయడం తేలిక కాదు. పైపుల్లో దూరం పంపేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, కొంత వేడీ పోతుంది. సెంటరూ పసుపు కళ్లమూ పక్కపక్కన ఉండాలి. జనవరి నుంచి మార్చి దాకా పసుపు, చెరకు, సర్వర్లు ఒకే కాలంలో కలిసి పనిచేస్తాయి. మే వచ్చేసరికి మిల్లు ఆగిపోతుంది, పసుపు మార్కెట్‌కు వెళ్లిపోతుంది. సర్వర్లకు చల్లదనం అన్నిటికంటే ఎక్కువగా కావలసినది సరిగ్గా ఆ నెలలోనే.