రాని బాకీల లెక్క: షోలాపురపు మన పేటల అనుభవము

మన పద్మశాలి కుటుంబములు తెలంగాణ ప్రాంతమునుండి షోలాపురము చేరి, తరతరములుగా మగ్గమే జీవనాధారముగా స్థిరపడిన సంగతి అందరెరిగినదే. మన పెద్దలు నేసిన చీరలనుగూర్చియు, దుప్పట్లనుగూర్చియు వ్రాసినవారు కలరు. ఆ సరుకును అరువిచ్చి, అందులో ఎంత వచ్చునో, ఎంత రాదో ఎట్లు గణింపవలెనో వ్రాసినవారు అరుదు. జీవితమంతయు ఆవర్జాలు వ్రాసిన గుమాస్తాలము గనుక మేము ఈ విషయమును ప్రస్తావించుచున్నాము.

మన చీర కొనువాడు పల్లెరైతు. వానలు లేకున్న రైతు కొనడు. ఊరి దుకాణదారు చేతికి డబ్బు రాదు. అతడు మన కార్ఖానాదారునకు చెల్లింపడు. నేతగాని కూలి నిలిచిపోవును. 1876 మొదలు 1878 వరకు దక్కనును పీడించిన కరవు ఈ గొలుసును చక్కగా బోధించినది. అంతకుముందే, 1875లో, పుణె, అహమదునగరు జిల్లాల రైతులు సాహుకార్లపై తిరుగబడి ఋణపత్రములను తగులబెట్టిరి. 1879లో ప్రభుత్వము దక్కను వ్యవసాయదారుల ఉపశమన చట్టమును చేసి, షోలాపురముతో గూడ నాలుగు జిల్లాలకు వర్తింపజేసెను. పత్రములోని మొత్తమునే చూడక, ఆ అప్పు పూర్వచరిత్రను న్యాయస్థానము విచారింపవచ్చునని అందు ఏర్పరచిరి. అనగా కాగితము మీది అంకె యంతయు సొమ్ము కాదను సత్యమును చట్టమే అంగీకరించినది.

పెద్ద సంస్థలకును ఈ ఆపద తప్పలేదు. 1877లో నడక ప్రారంభించిన షోలాపురము నూలు బట్టల మిల్లు 1949లో మూతపడగా, 1950 జనవరిలో కేంద్రప్రభుత్వము అధికారశాసనముచే దాని నిర్వహణను చేపట్టెను. పని పోయిన కార్మికులకు అరువిచ్చిన దుకాణముల గతి వేరుగ చెప్పనేల?

దీపావళినాడు కొత్త పుస్తకమునకు పూజచేసి, పాత బాకీలను అందులో ఎక్కించుట వ్యాపారుల రివాజు. చచ్చిన బాకీలును బ్రతికినవానివలె అందు చేరును. దీనికి మందు బాకీల వయస్సు చూచుటయే. ఉదాహరణకు 10,000 రూపాయలు రావలసియున్నవనుకొందము. నెలలోపలివి 6,000, వానిలో నూటికి 1 చొప్పున 60 రావనుకొనవలెను. నెల దాటి ఏడాదిలోపలివి 3,000. నూటికి 10 చొప్పున 300. ఏడాది దాటినవి 1,000. నూటికి 50 చొప్పున 500. మొత్తము 860 వేరుగా తీసియుంచి, 9,140 మాత్రమే చేతికి వచ్చునని నమ్మవలెను. ఈ రేట్లు ఎవరి పాత పుస్తకములనుండి వారే తీసికొనవలెను.

చట్టపు గడువులును మరువరాదు. సాధారణముగా మూడేండ్లు దాటిన బాకీకి కాలదోషము పట్టును. గడువులోపల బాకీదారు వ్రాతమూలకముగా ఒప్పుకొని సంతకము చేసిన కొత్త గడువు లభించును. ఆదాయపు పన్ను చట్టములో, సాధారణ వర్తకుని ఇట్టి అంచనాకు మినహాయింపు లేదు. రాని బాకీని ఖాతాలో నిజముగా కొట్టివేసిననే అది దొరకును. చిన్న పరిశ్రమల సరుకు కొన్నవారు ఒప్పందమున్నను 45 దినములకు మించి గడువు పెట్టుకొనరాదని 2006 నాటి చట్టము నిర్దేశించినది.

మేము పనిచేసిన ఒక కార్ఖానాలో యజమాని ఆవర్జాలోని బాకీలన్నిటిని తన ఆస్తిగా భావించి, అప్పుచేసి కొత్త మరమగ్గములు కొనెను. ఆ బాకీలలో సగము పాతవని మాకు తెలియును. అడుగనిదే చెప్పుట గుమాస్తా మర్యాద కాదని ఊరకుంటిమి. పెద్ద బేరగాడొకడు ఐ.పి. పెట్టగా, రెండు వారముల కూలి నిలిచినది. నేతగాండ్ర ఇండ్లలో పొయ్యి వెలుగలేదు. మా కూడికలో ఒక్క పైసా తప్పు లేదు. అయినను తప్పు మాదే.

కావున మన యువకులు ఖాతా వ్రాయునప్పుడు రావలసినదానితోపాటు రానిదానిని గూడ వ్రాయుదురుగాక. యజమానికి రుచింపకున్నను సకాలమున చెప్పుదురుగాక. ఆ అంకెమీద ఎన్నో కుటుంబముల అన్నము ఆధారపడియున్నది.