కావలి అప్పగించే మాట



1955 జనవరి 17న అమెరికాలోని గ్రోటన్ రేవు నుండి నాటిలస్ అనే జలాంతర్గామి బయలుదేరింది. అణుశక్తితో నడిచిన మొట్టమొదటి జలాంతర్గామి అదే. 1958 ఆగస్టు 3న 116 మందితో మంచు కిందుగా వెళ్లి ఉత్తర ధ్రువాన్ని దాటింది.

పొయ్యిలో నీళ్లు పోస్తే నిప్పు ఆరిపోతుంది. అణు రియాక్టర్‌ను ఆపినా దానిలో వేడి పుడుతూనే ఉంటుంది, ఆ వేడిని తీసివేస్తూ ఉండాలి. కాబట్టి దాని యొద్ద ఎల్లవేళలా ఒకరు మెలకువగా కాపు కాయాలి. మనుషులు అలసిపోతారు గనుక వంతులు మారాలి.

అమెరికా నౌకాదళంలో దీనికొక పద్ధతి ఉంది. వంతుకు వచ్చినవాడు ముందుగా లాగ్ పుస్తకం చదువుతాడు, గేజీలు చూస్తాడు. ఏ పంపు నడుస్తోంది, ఏది మరమ్మతులో ఉంది అని దిగిపోయేవాడు చెబుతాడు. అప్పుడు వచ్చినవాడు తాను బాధ్యత తీసుకుంటున్నానని నోటితో పలకాలి. ఆ మాట వినేవరకు, ఎంత అలసినా, బాధ్యత మొదటివాడిదే. సందేహముంటే రెండవవాడు తీసుకోనని చెప్పవచ్చు.

ఈ అణు నౌకాదళాన్ని తీర్చిదిద్దిన అడ్మిరల్ హైమన్ రికోవర్ ఈ విషయంలో బహు కఠినుడు. ప్రతి పనికీ ఒక మనిషిని పేరు పెట్టి అడగగలగాలన్నది ఆయన పట్టు.

ప్రియులారా, "వాడు చూస్తాడులే" అని ఇద్దరూ అనుకున్నచోటనే పని పాడవుతుంది. మంచాన ఉన్న తల్లి మందులు తమ్ముడికి అప్పగిస్తున్నారా? ఏది వేశారో, ఏది మిగిలిందో చెప్పండి. అతడు "సరే, నేను చూసుకుంటాను" అన్నాకనే లేవండి.