వెనిస్ కాఫీ, బ్యాండు మేళం

వెనిస్‌లో సెయింట్ మార్క్స్ స్క్వేర్ దగ్గర ఓ చోట కాఫీ తాగితే బిల్లులో సంగీతానికి కూడా విడిగా వేశారు! "చెవులు మూసుకుంటే తగ్గించేవారేమో" అంది మా ఆవిడ.

ఆ స్క్వేర్‌లో ఎదురెదురుగా రెండు పాత కాఫీ హోటళ్ళున్నాయి. ఫ్లోరియన్ 1720 నాటిది, క్వాద్రి 1775 నాటిది. ఆస్ట్రియా పాలనలో సైనికాధికారులు క్వాద్రిలో కూర్చునేవారు. అందుకే వెనిస్ వాళ్ళు అటు గడప తొక్కేవారు కాదు. 1848లో మనిన్ నాయకత్వాన తిరగబడ్డారు, 1849 ఆగస్టులో లొంగిపోక తప్పలేదు.

తర్వాత స్క్వేర్‌లో ఆస్ట్రియా మిలిటరీ బ్యాండు వాయించేది. ఉచితమే! అయినా వాయిద్యం మొదలవగానే ఊరివాళ్ళు లేచి వెళ్ళిపోయేవారట. అప్పటి అమెరికా కాన్సల్, రచయిత హోవెల్స్ ఈ సంగతి రాశాడు. 1866లో వెనిస్ ఇటలీలో కలిసింది.

మేం మాత్రం డబ్బు కట్టాం కదా అని చివరి పాటదాకా కూర్చున్నాం.